శరీర భారము – ఆహార నియమము

స్థూలకాయము భాగ్యవంతుల వ్యాధియని తలచిన కాలము గతించినది. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో మూడవ వంతుకు మించినవారు అధిక భారము గలవారు. అదే సర్వేలో సగమునకు మించినవారికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఈ రెండు సంగతులను కలిపి చదువవలెను. దేహము పెరిగినంత మాత్రమున పోషణ పెరిగినట్లు కాదు. కనుక బరువు తగ్గుటకు తిండి మానుట మార్గము కానేరదు.

హిందూపురములో దుకాణమునందు కూర్చుండు వర్తకుడైనను, ధర్మవరములో గుంటమగ్గము వద్ద ప్రొద్దు గడుపు నేతపనివాడైనను వ్యాయామ శిక్షకుని మొదట అడుగునది, "అన్నము మాని సంగటి తినవచ్చునా?" అనియే. తినవచ్చును, కాని లెక్క తెలిసి తినవలెను. 100 గ్రాముల బియ్యములో సుమారు 355 కేలరీలు, అంతే రాగిపిండిలో సుమారు 320 కేలరీలు గలవు. భేదము స్వల్పమే. రాగుల గొప్పతనము వేరొకచోట నున్నది. వానిలో పీచు తెల్లబియ్యములో కంటె దాదాపు నాలుగు రెట్లు. కాల్షియము 350 మిల్లీగ్రాములకు తక్కువ కాదు. పీచు వలన ఆకలి ఆలస్యముగా వేయును. అయినను ఒక ముద్ద తినవలసినచోట రెండు తినినచో ఆ మేలంతయు వ్యర్థము.

ఇక మనము చెనిక్కాయలనెడి వేరుసెనగ. అవి లేని వంట మన సీమలో అరుదు! 100 గ్రాములలో మాంసకృత్తులు 24 గ్రాముల వరకు నున్నను, కేలరీలు 500 దాటును. పిడికెడు చాలును. సంగటికి చట్నీ కంటె ఆకుకూర పప్పు మంచి జత. దానికి నిమ్మరసము చేర్చినచో ఆకులలోని ఇనుము శరీరమునకు బాగుగా పట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగుట ఆ ఇనుమును అడ్డగించును.

ఒక కిలో కొవ్వు కరుగుటకు సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావలెను. దినమునకు 500 కేలరీల లోటు కల్పించినచో వారమునకు అర కిలో తగ్గవచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సురక్షితమని చెప్పునదియు ఆ వేగమే. రెండు చెంచాల చక్కెరతో నాలుగు మార్లు టీ త్రాగువాడు ఆ చక్కెర మానినచో 160 కేలరీలు మిగులును. ఒక గంట నడకకు 200 పైచిలుకు ఖర్చగును. పెనుకొండ దుర్గము ఎక్కువారికి అంతకంటె అధికము. అయితే కొండ దిగి వచ్చి నాలుగు మిరపకాయ బజ్జీలు తినువారిని చూచుచునే యున్నాము.

రంజాన్ మాసములో పగలంతయు ఉపవసించియు బరువు పెరుగువారు గలరు. దోషము ఉపవాసములో లేదు. ఇఫ్తారు నాటి నూనె పదార్థములలోను, తీపి పానీయములలోను ఉన్నది. ఖర్జూరము, నీరు, పండ్లతో ఆరంభించి, సహరీలో పప్పు, గ్రుడ్డు, పెరుగు వంటివి తీసికొనినచో కండ క్షీణింపదు. మధుమేహమునకు మందులు వాడువారు మాత్రము ఉపవాసమునకైనను, ఆహారము తగ్గించుటకైనను ముందుగా వైద్యుని అడిగి మందు మోతాదు సరిచేసికొనవలెను. ఆ పని వ్యాయామ శిక్షకునిది కాదు.