విమానం దొరికింది.. మన డబ్బు?

2025 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఈడీ అధికారులు ఒక ప్రైవేట్ జెట్‌ను స్వాధీనం చేసుకున్నారు. 8 సీట్ల హాకర్ 800ఏ అది. ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ పేరుతో జనం దగ్గర తీసుకున్న డబ్బుతోనే 2024లో 16 లక్షల డాలర్లు పెట్టి కొన్నారని, అసలు నిందితుడు అమర్‌దీప్ కుమార్ జనవరి 22న ఇందులోనే దేశం దాటాడని ఈడీ చెబుతోంది.

వసూలైంది దాదాపు రూ.1,700 కోట్లు, తిరిగి రానిది రూ.850 కోట్లు అని పోలీసుల లెక్క. విమానం కొన్న ధరకే అమ్ముడుపోయిందనుకున్నా వచ్చేది సుమారు రూ.14 కోట్లు. అంటే లక్ష పోయినవాళ్లకు దాని నుంచి దక్కేది 1,600 రూపాయల పైచిలుకే.

ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ దొంగ వ్యాపారం కాదు. పెద్ద కంపెనీకి సరుకిచ్చిన చిన్న వ్యాపారికి బిల్లు డబ్బు రావడానికి నెలలు పడుతుంది. ఆ బిల్లును ఎవరో కాస్త తక్కువకు కొని, తర్వాత పూర్తి మొత్తం తీసుకుంటారు. కానీ అసలు బిల్లు ఉందా లేదా అన్నది యాప్‌లో డబ్బు వేసినవాళ్లకు తెలిసే దారి లేదు. ఫాల్కన్‌లో బిల్లులే బోగస్ అని, కొత్తవాళ్ల డబ్బు పాతవాళ్లకు ఇచ్చారని కేసు. మొదట్లో డబ్బు టైముకు వచ్చేది. అందుకే బంధువులకూ చెప్పి చేర్పించారు చాలామంది.

మన ఇళ్లలో హీరా గ్రూప్ ఇంకా మర్చిపోలేదు. సూద్ లేదు, హలాల్ మునాఫా అన్నారు. ఏడాదికి 36 శాతం దాకా ఆశ చూపారన్నది ఆరోపణ. 2018లో నౌహీరా షేక్ అరెస్టయ్యారు. నిజానికి ముదారబాలో నష్టం వస్తే పెట్టుబడి పెట్టినవాళ్లే భరించాలి. ముందే ఇంత లాభం గ్యారంటీ అంటే అది ముదారబానే కాదు. ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎన్ని నగలు మిగిలేవో!

శంషాబాద్ చుట్టుపక్కల ‘ప్రీ లాంచ్’ ప్లాట్లు, ఫ్లాట్లదీ అదే తీరు. రెరా రిజిస్ట్రేషన్ కావాల్సిన ప్రాజెక్టును ఆ నంబర్ రాకముందే అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. తక్కువ రేటని ముందే మొత్తం కట్టేస్తే చేతిలో ఉండేది రసీదే. నంబర్ ఇస్తే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి, ఏజెంట్ ఫోన్‌లో కాదు. డిపాజిట్లు తీసుకునే సంస్థల గురించి ఆర్‌బీఐ ‘సచేత్’ పోర్టల్‌లో వెతకొచ్చు, ఫిర్యాదూ చేయొచ్చు. ఆన్‌లైన్‌లో మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఇంకో ఖాతాకు వెళ్లిపోతుంది.