మిగిలిన అన్నం – తీసుకోవలసిన జాగ్రత్త

టి. నగర్ పానగల్ పార్కు పక్క వీధుల్లోనైనా, సరిహద్దు పల్లెల్లోనైనా, మధ్యాహ్నం మిగిలిన అన్నమో కొబ్బరన్నమో రాత్రి వేడిచేసి పిల్లలకు పెట్టడం మనకు అలవాటే. వేడిచేస్తే దోషం పోతుందనుకుంటాం. అక్కడే పొరపాటు. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి సిద్ధబీజాలు ఉండవచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చని గిన్నెలో గంటల తరబడి ఉంటే, మొలకెత్తి విషం పుట్టిస్తాయి. వాంతులు తెచ్చే ఆ విషం మళ్ళీ మరిగించినా పోదు, వాసనకూ తెలియదు.

కాబట్టి మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలచగా ఆరబెట్టి, గంటలోపు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు తినేంత మాత్రమే తీసి, పొగలు వచ్చేలా ఒక్కసారే వేడిచేయండి. ఫ్రిజ్ లేనివారు పూటకు సరిపడా వండుకోవడమే మేలు. పొద్దంతా బయట ఉన్న అన్నాన్ని మాత్రం పారవేయడానికి వెనుకాడకండి.