మోసుకుపోయే కరెంటు

రేణిగుంటకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో మా పెద్దనాయనకు ఒక మామిడితోట ఉంది. అయిదెకరాలు. బెంగుళూరా, నీలం, నడుమ నడుమ కాసిని బేనీషా చెట్లు. అన్నీ ఆయన స్వహస్తాలతో నాటి, కుండలతో నీళ్లు పోసి పెంచినవే. పెద్దమ్మ పోయిన తరువాత ఊళ్లో ఇల్లు కూతురికి అప్పగించి, తోటలో ఉన్న ఒంటిగది పెంకుటింటికి మకాం మార్చారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. పగలు ఏ చింతా లేదు. చిక్కంతా పొద్దుగుంకిన తరువాతనే. కరెంటు తీగ రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడినుంచి తోటకు రావాలంటే నలుగురి పొలాల్లో స్తంభాలు పాతాలి, ఆ నలుగురూ ఒప్పుకోవాలి. తోట వానాధారం గనుక మోటారు లేదు. మోటారు లేదు గనుక లైను కోసం ఎవరూ పట్టుపట్టలేదు.

కిందటేడు వానాకాలంలో ఒకనాటి రాత్రి ఆయన మంచంకోడు పక్కనే కట్లపాము కనిపించింది. టార్చిలైటు అప్పటికే కొడిగట్టిన దీపంలా ఉంది. ఆ గుడ్డివెలుగులో ఆయన చూడబట్టి సరిపోయింది. చూడకుండా కాలు కింద పెట్టి ఉంటే? మర్నాటికల్లా బంధువర్గమంతా తోటలో సమావేశమైంది. ఊళ్లోకి వచ్చేయమన్నారు కొందరు. ఆయన ఆ మాట చెవినబెట్టలేదు. అయితే కప్పు మీద సోలారు పలకలు బిగిద్దామన్నారు మరికొందరు. మెకానిక్కు వచ్చి నాలుగు దిక్కులా చూసి, దక్షిణాన ఉన్న మూడు చెట్లు తీసేస్తేనే లాభమని తేల్చాడు.

పెద్దనాయన ఒకటే మాటన్నారు: “చెట్లు కొట్టేసి దీపం పెట్టుకొని నేను చూడాల్సింది ఏముండాదబ్బోడా? మొద్దులా?”

“ఏదో కొంచెం నీడ పడితే కొంచెమే కరెంటు తగ్గుతుంది గదా, చెట్లెందుకు కొట్టడం?” అని మీరు అడగవచ్చు. మేమూ అడిగాం. అట్లా కాదట. సోలారు పలకలోని గళ్లన్నీ ఒకదాని వెనుక ఒకటిగా గొలుసుకట్టి ఉంటాయి. ఒకే కాలువలో పారే నీళ్ల వంటిది ఆ కరెంటు. ఎక్కడో ఒకచోట గడ్డి అడ్డం పడితే చివరి మడిదాకా నీరు తగ్గిపోయినట్లే, ఒక గడి మీద నీడపడితే ఆ వరుస మొత్తం నీరసిస్తుంది. అడ్డుపడ్డ భాగాన్ని తప్పించి పక్కదారిన పోయే ఏర్పాటు పలకలో ఉంటుంది గాని, అప్పుడు సాధారణంగా మూడోవంతు పలక లెక్కలోంచి పోతుంది. నిండు మామిడి నీడలో ఇక చెప్పేదేముంది!

ఇంట్లో బావి లేనివాళ్లు ఊరబావి నుంచి బిందెతో తెచ్చుకోరా? కరెంటునూ అట్లాగే ఊళ్లో నింపి తోటకు మోసుకుపోతేనేం అనిపించింది నాకు. ఇది కొత్త ఊహేమీ కాదు. తీగతో సంబంధం లేని పాతకాలపు రైలుపెట్టె రేణిగుంట జంక్షనులో నడిరాత్రి ఆగి ఉన్నా, లోపల దీపాలు వెలిగేవి, ఫంకాలు తిరిగేవి. పెట్టె అడుగున బ్యాటరీలుండేవి. రైలు పరుగెత్తేటప్పుడు ఇరుసుకు తగిలించిన యంత్రం వాటిని నింపేది.

కాగితం, పెన్సిలు పుచ్చుకొని పెద్దనాయన ఎదుట కూర్చున్నాను. ఒక వాటు దీపం గంటసేపు వెలిగితే ఒక వాట్‌గంట. మన బిల్లులో యూనిట్ అంటే ఇటువంటివి 1000. గదిలో 5 వాట్ల ఎల్‌.ఇ.డి. దీపం అయిదు గంటలు, 25. గుమ్మం దగ్గర 3 వాట్లది తెల్లవార్లూ పది గంటలు, 30. ఫోనుకు 15. బ్యాటరీతో నేరుగా తిరిగే 15 వాట్ల చిన్న ఫంకా ఏడు గంటలు, 105. మొత్తం 175. యూనిట్‌లో అయిదోవంతు కూడా కాదు! “టీవీ వద్దా?” అన్నాను. “దానికంటె కోతులు నయం” అన్నారు.

ఇక ఏ బ్యాటరీ? మన ఇన్వర్టర్ల కింద కూర్చునే సీసపు బ్యాటరీకి మూలపురుషుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే. 1859లో కనిపెట్టాడు. రేణిగుంట మండలంలోని కరకంబాడి ఈ సీసపు బ్యాటరీల వల్లనే పేరుకెక్కింది. గల్లా రామచంద్రనాయుడుగారు అమెరికా నుంచి తిరిగివచ్చి 1985లో స్థాపించిన అమరరాజా కర్మాగారం అక్కడిదే. అయితే సీసం సీసమే. మా లెక్కకు 12 వోల్టులు, 40 ఆంపియర్-అవర్లది కావాలి. అందులో 480 వాట్‌గంటలు పట్టినా, ఎక్కువకాలం మన్నాలంటే సగమే వాడుకోవాలి. బరువు పన్నెండు పదమూడు కిలోలు. ఇంట్లో ఒక మూల ఉంచుకోవడానికి అంతకంటె నమ్మకమైనది లేదుగాని, రోజూ మోసేదెవరు?

అందుచేత లిథియం వైపు మొగ్గాం. సోనీ కంపెనీ లిథియం-అయాన్ బ్యాటరీని మొట్టమొదట బజారులో పెట్టింది 1991లో. దానికి పునాది వేసిన గుడ్‌ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడ్‌ఎనఫ్ వయస్సు 97. (ఈ సంగతి చెబితే పెద్దనాయన తన వయస్సు తలచుకొని కాస్త ఉషారయ్యారు.) ఆ విద్య మన వాకిటికీ వచ్చింది. తిరుపతి ఎలెక్ట్రానిక్సు క్లస్టరులో మునోత్ వారి లిథియం సెల్లుల కర్మాగారంలో 2022 సెప్టెంబరులో కేంద్రమంత్రి రాజీవ్ చంద్రశేఖర్ ప్రయోగాత్మకంగా ఉత్పత్తి ప్రారంభించారు. రోజుకు 10 ఆంపియర్-అవర్ల సెల్లులు 20,000 చేయగల శక్తి దానికుందని అప్పుడు ప్రకటించారు. పవర్ బ్యాంకుల్లో వాడే సెల్లులవి. ఒక్కొక్కటి సుమారు 3.7 వోల్టులు, అంటే 37 వాట్‌గంటలు. అటువంటివి అయిదుంటే మా పెద్దనాయన రాత్రి వెళ్లిపోతుంది!

మేము కొన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. 12.8 వోల్టులు, 20 ఆంపియర్-అవర్లు, 256 వాట్‌గంటలు, బరువు మూడు కిలోలు. ఖరీదు సీసపుదానికంటె హెచ్చే. అటువంటివి రెండు. ఒకటి తోటలో పని చేస్తుంటే ఇంకొకటి ఊళ్లో నిండుతూ ఉంటుంది. ఇన్వర్టరు జోలికి పోలేదు. అది తన వంతుగా పదోవంతో అంతకంటె ఎక్కువో మింగుతుంది. 12 వోల్టుల దీపాలే తెచ్చి నేరుగా తగిలించి, బ్యాటరీకి దగ్గరగా ఒక ఫ్యూజు పెట్టించాం. గృహిణులు గమనించవలసిందొకటి: సీసపు బ్యాటరీ చార్జరును లిథియానికి తగిలించరాదు. దేనిది దానికే. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఒక్క పూట కూడా ఉంచుకోరాదు.

వేడి సంగతి వేరే చెప్పాలి. మా వైపు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జి చేయకూడదంటారు. సీసపు బ్యాటరీకైతే పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమని స్థూలమైన లెక్క. రేకుల కప్పు కిందా, మిట్టమధ్యాహ్నం మేడమీదా పెట్టే బ్యాటరీలు త్వరగా చచ్చేది అందుకే. తోటలో ఆ భయం లేదు. సోలారు పలకకు పనికిరాని నీడే బ్యాటరీకి చలువపందిరి అయింది.

పెద్దనాయన మనవడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సాయంత్రం బడి నుంచి రాగానే నిండిన బ్యాటరీని సైకిలుకు కట్టుకొని తోటకు పోతాడు, ఖాళీది తీసుకొస్తాడు. ఆ గుమ్మం దీపం కిందనే లెక్కలు చేసుకొని, తాత ఒలిచిపెట్టిన వేరుసెనక్కాయలు తిని, ఎనిమిదింటికి ఇల్లు చేరుతాడు. ఈ ఏర్పాటు మొదలై ఏడాది కావస్తున్నది. గుమ్మం దీపం వెలుతురులో పాము రెండుసార్లు కనబడింది, రెండుసార్లూ దూరంగానే.

అమెరికాలో ఉన్న మా అన్నగారి అబ్బాయికి మాత్రం ఇది నచ్చలేదు. పెద్ద బ్యాటరీ పెట్టె ఒకటి వచ్చేటప్పుడు వెంట తెస్తానన్నాడు. విమానంలో ప్రయాణికులు 100 వాట్‌గంటలు దాటిన బ్యాటరీకి అనుమతి తీసుకోవాలి, 160 దాటితే అసలే కూడదు. అది తెలిసి, అయితే ఇక్కడే 1200 వాట్‌గంటలది కొనండి, వారానికొకసారి మారిస్తే చాలు, డబ్బు నేను పంపుతానన్నాడు.

“వద్దురా నాయనా” అన్నారు పెద్దనాయన ఫోనులో. “అప్పుడు పిల్లోడు గూడా వారానికొకసారే వస్తాడు.”

వాడు ఊరుకోలేదు. రాత్రిపూట ఫోను చేసి గంటలకొద్దీ వాదిస్తున్నాడు. ఆ వాదన వల్ల ఫోను పద్దు 15 వాట్‌గంటలు దాటిపోతున్నది. లెక్క మళ్లీ వేయాలి.