క్యాన్సర్‌కు ప్రాణవాయువు మందా? యాంటీబయాటిక్స్ విషమా?

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లోని పచారీ కొట్లకు మూలికల కోసం నేను తరచుగా వెళుతుంటాను. మన్యం పిప్పళ్ళు, మోడి, కరక్కాయలు, శొంఠి ఏరుకుంటూ ఉండగా, వైద్యం చేసేవాడినని తెలిసిన వారు పక్కన నిలబడి సందేహాలు అడగడం పరిపాటి. ఈ మధ్య రెండు ప్రశ్నలు పదే పదే ఎదురవుతున్నవి. "యాంటీబయాటిక్స్ ఒంటికి విషమట కదండీ?" అన్నది ఒకటి. "క్యాన్సర్ కణానికి ఆక్సిజన్ గిట్టదట, ఎక్కిస్తే తగ్గిపోతుందట, నిజమేనాండీ?" అన్నది రెండవది. ఈ రెండవ ప్రశ్న వేసిన ఒక గృహస్థు, తన భార్యకు రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలిన తరువాత కూడా శస్త్రచికిత్సను వాయిదా వేసి, ఆక్సిజన్ చికిత్సకు సొమ్ము కూడబెట్టుకుంటున్నారు. కాలహరణం ప్రాణహరణమయ్యే వ్యాధి అది. ఆపరేషను ముందు చేయించండి, తక్కిన మాటలు తరువాత మాట్లాడుకుందాం అని ఆయనకు గట్టిగా చెప్పాను. అందుకు గల కారణాలను పాఠకులందరికీ వివరంగా వ్రాయడం అవసరమనిపించినది.

ఆయుర్వేద పత్రికలో యాంటీబయాటిక్స్ ప్రసక్తి ఏమిటని కొందరు అనుకోవచ్చు. అట్టివారు 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితాన్ని ఒకసారి గుర్తుకు తెచ్చుకోవాలి. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. మన గ్రహణి లక్షణాలకు చాలా దగ్గరగా ఉండే వ్యాధి ఇది. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి శుష్కించిపోతాడు. సుబ్బారావు గారికీ అదే వ్యాధి సోకగా, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తరువాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, 1922లో అమెరికా వెళ్ళారు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం, ఆయన తోబుట్టువులను పొట్టనబెట్టుకున్న స్ప్రూ వ్యాధిలోని రక్తహీనతకే మందయినది. మన తీరప్రాంతాన్ని పీడించిన బోదకాలుకు ఈనాటికీ వాడే హెట్రజాన్ మందు కూడా ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే. ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను వెలికి తీశారు. టెట్రాసైక్లిన్ వర్గానికి అదే ఆద్యం. ఆ మందు లోకానికి వెల్లడి అయిన 1948లోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

అటువంటి మందును విషమని త్రోసిపుచ్చడం తగదు. అలాగని అమృతమనీ అనలేము. ఇదే టెట్రాసైక్లిన్ వర్గపు మందులను గర్భవతులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఇస్తే బిడ్డల పళ్ళు శాశ్వతంగా పసుపు, గోధుమ రంగులకు మారవచ్చు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటివి చెవిని దెబ్బతీయవచ్చు. జెంటామైసిన్‌తో మూత్రపిండాలకూ హాని. క్లోరాంఫెనికాల్ అరుదుగానైనా ఎముకల్లోని మజ్జను ఎండబెట్టి ప్రాణం తీస్తుంది. పెన్సిలిన్ పడనివారికి ఒక్క సూదిమందు చాలు, ప్రాణం మీదికి రావడానికి. తెలిసి వాడిన ఔషధం అమృతం, తెలియక వాడినది విషం అన్న అర్థంలో చరకుడు ఏనాడో హెచ్చరించాడు. ఆ మాట మన రసౌషధాలకూ, వారి యాంటీబయాటిక్స్‌కూ సమానంగా వర్తిస్తుంది.

అసలు ప్రమాదం మరొకటి ఉన్నది. పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే, చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు ఆ మందుకు అలవాటుపడి మొండికేస్తాయని చెప్పాడు. అక్షరాలా అదే జరిగినది. జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా రెండు బిళ్ళలు కొని వేసుకుని, మూడోనాటికి మానివేసే అలవాటు మనలో పాతుకుపోయినది. సుబ్బారావు గారి మరణానంతరం లెడర్లీలోనే మరొక సంగతి బయటపడినది. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని దాణాలో కలిపితే కోడిపిల్లలు త్వరగా ఎదిగాయి. అప్పటి నుండి కోళ్ళకు, పశువులకు జబ్బు లేకపోయినా మందు మేపడం ప్రపంచమంతటా వ్యాపించినది. చివరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను కూడా కోళ్ళకు మేపుతుండగా, మన ప్రభుత్వం 2019లో నిషేధించినది. అంతకుముందే, 2014 మార్చి నుండి, కొన్ని శక్తివంతమైన యాంటీబయాటిక్స్‌ను హెచ్ 1 జాబితాలో చేర్చి, చీటీ లేనిదే అమ్మరాదని, అమ్మితే రిజిస్టరులో వ్రాయాలని నిబంధన పెట్టారు. నిబంధన కాగితం మీద ఎంత బాగున్నదో, వీధిలో దాని అమలు ఎట్లా ఉన్నదో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఇక ప్రాణవాయువు సంగతి. జర్మనీ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ 1920లలో ఒక వింత గమనించాడు. క్యాన్సర్ కణాలు చుట్టూ ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పటికీ చక్కెరను పులియబెట్టుకునే శక్తి పొందుతున్నవి. కణం శ్వాస చెడిపోవడమే క్యాన్సర్‌కు మూలమని ఆయన తలచాడు. గమనించినది సత్యమే, తీసిన సిద్ధాంతం మాత్రం నిలువలేదు. చాలా క్యాన్సర్ కణాల్లో శ్వాసయంత్రాంగం చక్కగానే పనిచేస్తున్నదని తరువాత తేలినది. కనుక ఆక్సిజన్ తగిలితే క్యాన్సర్ చచ్చిపోతుందన్న వాదానికి పునాది లేదు. పైగా ఆరోగ్యవంతుని రక్తంలోని హిమోగ్లోబిన్ మామూలు గాలితోనే నూటికి 95 పాళ్ళకు పైగా ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. నిండిన కుండలో ఇంకా ఎంత పోస్తాము?

పీడనపు గదిలో కూర్చోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించే పద్ధతి ఉన్నది. సముద్రపు లోతుల నుండి వేగంగా పైకి వచ్చి జబ్బుపడిన ఈతగాళ్ళకు, బొగ్గుపొగ విషానికి, రేడియేషన్ వల్ల దెబ్బతిన్న దవడ ఎముక వంటి భాగాలకు అది వాడుకలో ఉన్న చికిత్స. క్యాన్సర్‌ను నయం చేయడానికి కాదు. గడ్డలో ఆక్సిజన్ తక్కువైన చోట రేడియేషన్ సరిగా పనిచేయదన్నది మాత్రం 1950ల నుండీ తెలిసిన సత్యం. దానిపై పరిశోధనలు సాగినవి. ఇక హైడ్రోజన్ పెరాక్సైడును రక్తనాళంలోకి ఎక్కించేవారి జోలికి పోనేరాదు. గాలిబుడగలు రక్తాన్ని అడ్డగించి మనుషులు మరణించారు. ఆక్సిజన్ విలువ మన విశాఖవాసులకు ఒకరు చెప్పాలా? 2021 ఏప్రిల్ 22న తొలి ఆక్సిజన్ రైలు ఏడు ట్యాంకర్లతో మన ఉక్కు కర్మాగారం నుండే మహారాష్ట్రకు బయలుదేరినది. ఊపిరితిత్తులు సొమ్మసిల్లిన వారికి అది ప్రాణదానం. గడ్డను కరిగించే మందు అది కాదు.

మరి మొక్కల్లో క్యాన్సర్ మందు లేదా అంటే, ఉన్నది. మన ఇసుక నేలల్లో, పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు నుండే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందులు తీశారు. రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు విన్‌క్రిస్టిన్ ప్రధానమైన మందు. అయితే దానిని మిల్లీగ్రాముల లెక్కన, సూదిమందుగా, రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు. ఆకు నూరి రసం తాగితే మోతాదు ఎవరికి తెలుసు?

రెండు వైద్యాలూ కలిపి వాడే వారికి కొన్ని జాగ్రత్తలు. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకునేటప్పుడు పాలు, శంఖ భస్మం, ప్రవాళ భస్మం, లోహ భస్మం వెంటనే తీసుకోరాదు. అందులోని సున్నం, ఇనుము మందును పట్టి ఉంచి ఒంటికి ఎక్కనివ్వవు. నడుమ కొన్ని గంటల ఎడం ఉండాలి. ఎంత అన్నది మందు ఇచ్చిన వైద్యుని అడగండి. పిప్పలి, మిరియాలు ఇందుకు విరుద్ధంగా కొన్ని మందుల శోషణను పెంచుతాయి. సుబ్బారావు గారి ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుండే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్ళవాతానికి వారానికి ఒక్కమారే ఇస్తారు. పొరపాటున ప్రతిదినం వేసుకుంటే ప్రాణాపాయం. ఆ మందు వాడేవారికి కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ కూడా ప్రమాదకరమే. కనుక ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మా చూర్ణాల, లేహ్యాల పేర్లు కూడా ఒక కాగితంపై వ్రాసుకుని వెళ్ళండి. మా వద్దకు వచ్చేటప్పుడు వారి చీటీలు వెంట తెచ్చుకోండి.