యున్నాన్: కొండదారులు, గనులు, మస్జిదులు

చైనా నైరుతి మూలలో మయన్మార్, లావోస్, వియత్నాం సరిహద్దులను ఆనుకొని ఉన్న రాష్ట్రం యున్నాన్. దీని విస్తీర్ణం సుమారు 3 లక్షల 94 వేల చదరపు కిలోమీటర్లు. వాయవ్యాన కవగబో శిఖరం 6,740 మీటర్ల ఎత్తు గలది. ఆగ్నేయాన వియత్నాం సరిహద్దు లోయ సముద్రమట్టానికి 100 మీటర్లయినా లేదు. ముస్లిం పాఠకులు గమనించదగిన విశేషమేమంటే, ఇక్కడి నీటితో, దారులతో, గనులతో ఇస్లాం చరిత్ర పెనవేసుకొని ఉన్నది.

మొదట నీటి విషయం. 1274లో కుబ్లాయ్ ఖాన్ బుఖారాకు చెందిన సయ్యిద్ అజల్ షమ్సుద్దీన్‌ను ఇక్కడ పాలకునిగా నియమించాడు. రాజధాని కున్‌మింగ్ పక్కనున్న దియాన్‌చీ సరస్సు వరదలను అరికట్టడానికి ఆయన ఆనకట్ట కట్టించి, కాలువలు తవ్వించాడు. మస్జిదులతోపాటు కన్ఫ్యూషియస్ ఆలయాన్ని కూడా నిర్మింపజేశాడు. 1405 నుండి 1433 వరకు ఏడు నౌకాయాత్రలు నడిపి కాలికట్, హుర్ముజ్ రేవులు చేరిన జెంగ్ హో ఈ సరస్సు తీరంలోనే జన్మించాడు. ఆయన తండ్రి సమాధి శిలపై 'హాజీ' అన్న బిరుదు నేటికీ కనిపిస్తుంది.

ఇక దారులు. ఈ రాష్ట్రపు 'పూ-అర్' తేయాకును బిళ్ళలుగా అదిమి, కంచరగాడిదలపై టిబెట్టుకు చేరవేసేవారు. బర్మా వర్తకంలో ముస్లిం బిడారులకు పెద్ద పాత్ర ఉండేది. మాండలేలోని పంథే మస్జిదు ఆ సంబంధానికి గుర్తు. నేడు చైనాలో పండే కాఫీ దాదాపు అంతా యున్నాన్‌దే. పొగాకు, పూలు కూడా ముఖ్యమైన పంటలు. దాలి పట్టణపు పాలరాయి ఎంత ప్రసిద్ధమంటే, చైనా భాషలో పాలరాతికే 'దాలి రాయి' అని పేరు.

గనులు సంపదతోపాటు కలహాన్నీ తెచ్చాయి. వెండి గనుల తగాదాలు ముదిరి, 1856లో కున్‌మింగ్‌లో ముస్లింల ఊచకోత జరిగింది. దూ వెన్‌షియూ దాలి కేంద్రంగా తిరుగుబాటు చేశాడు. 1873 నాటికి ప్రభుత్వం దానిని అణచివేసింది. హజ్ చేసివచ్చిన పండితుడు మా దెషిన్ ప్రభుత్వంతో సంధికి పూనుకొన్నవాడే అయినా, 1874లో ఆయనకు మరణశిక్ష తప్పలేదు.

తగరపు గనులకు పేరుపొందిన గెజియూ సమీపంలోని షాదియన్ గ్రామం మరొక ఉదాహరణ. అల్ అజ్‌హర్‌లో చదివిన మా జియాన్ (1906–1978) ఈ ఊరివాడు. ఆయన చైనా భాషలోకి చేసిన ఖుర్ఆన్ అనువాదం సంపూర్ణంగా 1981లో వెలువడింది. చైనా ముస్లింలు నేటికీ విస్తృతంగా చదివేది దానినే. 1975లో ఈ గ్రామంపై సైన్యం దాడిచేయగా 1,600 మందికి పైగా మరణించారు. 1979లో ప్రభుత్వమే ఆ చర్య తప్పని అంగీకరించింది.

యాత్రికులను ఆకర్షించే స్థలాలు అనేకం. కున్‌మింగ్ సమీపాన సున్నపురాతి స్తంభాల 'శిలావనం', లిజియాంగ్ పాత పట్టణం, హానీ ప్రజల మెట్ల వరిపొలాలు ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నవి. 2021 డిసెంబరులో కున్‌మింగ్ నుండి లావోస్ రాజధానికి రైలుమార్గం ప్రారంభమైంది.

మస్జిదులు చూడగోరేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. పూర్వపు మస్జిదులు చైనా పద్ధతిలో కొయ్య స్తంభాలతో, పెంకు కప్పులతో కట్టినవి. గుంబదులు ఇటీవలి దశాబ్దాలలో వచ్చినవి. వీటిని తొలగించే ప్రయత్నంపై 2023 మేలో నాజియాయింగ్‌లో స్థానికులకు, పోలీసులకు ఘర్షణ జరిగింది. 2024లో షాదియన్ పెద్ద మస్జిదు గుంబదు కూడా తొలగింపబడింది. పెంకుల కప్పు కింద నమాజుకు లోటేమీ లేదు. అయితే ఆ కప్పు ఏ తీరున ఉండాలో పూర్వం అక్కడ నమాజు చేసేవారే నిర్ణయించుకొన్నారు. నేడు ఆ నిర్ణయం వారి చేతిలో లేదు.