దిగువ చేని మొర

ఎగువ రైతు గట్టు తెంపగా దిగువ చేను మునిగినచో, నష్టమెవరు భరింపవలెనని గ్రామపెద్దలు మొదట అడుగుదురు. ప్రపంచ వాతావరణ సభలలో ఈ ప్రశ్నను ముప్పదేండ్లు దాటవేయుచు వచ్చిరి. ఆ కథను శ్రోతలకు క్లుప్తముగా వినిపింపదలచితిమి.

దక్షిణ పసిఫిక్ సముద్రమున వనువాటు అను చిన్న దేశము కలదు. సుమారు 80 దీవులు, 3 లక్షల పైచిలుకు జనము. భూమిని వేడెక్కించుచున్న పొగలో వారి పాలు లెక్కకు రానంత స్వల్పము. సముద్రము పొంగి నష్టపోవు దీవులకై ధనిక దేశముల చందాలతో ఒక బీమా నిధి యుండవలెనని, చిన్న దీవుల కూటమి పక్షమున 1991లో ప్రతిపాదించినది ఈ దేశమే. 1992లో రియో డి జనీరోలో ఒడంబడికపై సంతకములైనవి. బాధ్యత అందరిదే గాని అందరికిని సమానము కాదను సూత్రమునకు అందు చోటు దొరకినది, నిధికి దొరకలేదు. బీమా అను మాట మాత్రము ఒక మూల మిగిలినది.

2015 మార్చిలో పామ్ తుపాను వనువాటును చిన్నాభిన్నము చేసినది. ఆ డిసెంబరులోనే పారిస్ ఒప్పందము కుదిరినది. దాని 8వ అధికరణము ఇట్టి నష్టమును గుర్తించినది. కాని ఆ అధికరణము పరిహారమునకు ఆధారము కానేరదని అనుబంధ తీర్మానమున వ్రాయించుకొనిరి. ఒకచేత నిచ్చి వేరొకచేత లాగుకొనుట యన నిదియే కదా!

నిధికి అంగీకారము 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో కుదిరి, మరుసటి యేడు దుబాయిలో అది రూపుదాల్చినది. మొదటి రెండేండ్లలో వచ్చిన వాగ్దానములు 70 కోట్ల డాలర్లకు కొంచెము పైన. 2014లో విశాఖను తాకిన హుద్‌హుద్ నష్టమును మన రాష్ట్ర ప్రభుత్వము 20 వేల కోట్ల రూపాయలకు మించి అంచనా కట్టినదని జ్ఞాపకము చేసికొన్నచో, ఈ మొత్తము ఎంతటిదో తెలియగలదు.

ఈ బేరములతో విసిగినవారు పెద్దలు కారు, విద్యార్థులు. 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయపు న్యాయ విద్యార్థులు 27 మంది, దీనిని అంతర్జాతీయ న్యాయస్థానమునకు తీసికొనిపోవలెనని పట్టుబట్టిరి. వనువాటు ప్రభుత్వము వారి మాట నెత్తికెత్తుకొనినది. 2023 మార్చి 29న ఐక్యరాజ్య సమితి సర్వసభ్యసభ ఎదురులేక ఆమోదించి, న్యాయస్థానపు సలహా కోరినది.

2025 జూలై 23న హేగ్ నగరమున న్యాయమూర్తులు ఏకగ్రీవముగా పలికిరి: వాతావరణమును కాపాడుట రాజ్యముల చట్టబద్ధ విధి; దానిని మీరుట తప్పిదము; తప్పిదమువలన నష్టపోయిన దేశమునకు పరిహారము చెల్లింపవలసి రావచ్చును. ఇది సలహాయే గాని తీర్పు కాదు. అయినను, పారిస్‌లో మూసిన తలుపును ఇది కొంత తెరచినదని మా యభిప్రాయము. ఏ దేశపు తప్పిదము ఏ దీవికి ఎంత కీడు చేసెనో సూటిగా నిరూపింపవలసిన భారము మాత్రము ఇంకను దీవుల మీదనే యున్నది.