తుంబురు కోన దారిలో పేరిత

పిల్లలూ! తిరుమల వెళ్ళినవారిలో చాలామంది పాపవినాశనం చూసి వెనక్కి తిరుగుతారు. అసలు అడవి మొదలయ్యేది అక్కడే. ఏటా ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి జరుగుతుంది. ఒక ఏడు ఆ యాత్రికులతో కలిసి నేనూ నడిచాను. ఇది మెట్లదారి కాదు. బండలెక్కాలి, చెట్ల వేళ్ళు పట్టుకుని దిగాలి, వాగు నీళ్ళలో నడవాలి. తరువాత రెండు రోజులు నా మోకాళ్ళు నా మాట వినలేదు!

దారిలో ఎర్రచందనం చెట్లు ఆకులు రాల్చి నిలబడి ఉన్నాయి. ఎండకాలంలో ఆకుల ద్వారా నీరు ఆవిరై పోకుండా చెట్టు చేసుకునే పొదుపు అది. ఆకు లేకపోతే గుర్తుపట్టడమెలా? బెరడు చూడండి. మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే.

రాళ్ళవాలు మీద గడ్డి మధ్య పొట్టి ఈతచెట్టు వంటిది కనబడింది. "ఈతేనండీ" అన్నాడు పక్కనున్న కుర్రవాడు. కాదు, అది పేరిత. పేరులో ఈత ఉన్నా ఈతకు చుట్టం కాదు. ఈత పూలు పూస్తుంది, పేరితకు పూలే ఉండవు. మీరు పాఠంలో చదివిన వివృతబీజాలలో ఇదొకటి. శాస్త్రనామం సైకాస్ బెడ్డోమియై. కార్చిచ్చుకు దాని కాండం నల్లబడి ఉంది. అయినా నెత్తిన లేత ఆకుల కుచ్చు! రాలిన ఆకుల మొదళ్ళు కాండం చుట్టూ కవచంలా మిగిలి, లోపలి పెరిగే మొగ్గను కాపాడతాయి.

మంటను తట్టుకునే ఈ మొక్క మనిషి కత్తికి ఓడిపోతోంది. నాటుమందుల కోసం మగ శంకువులను కోసుకుపోతారు. "మొక్కను నరకలేదు కదా, నష్టమేమిటి?" అని మీరడగవచ్చు. పేరితలో మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. పుప్పొడి ఉండేది మగ శంకువులోనే. అది రాలకముందే శంకువు పోతే ఆడమొక్క అండాలు విత్తనాలు కావు. పెద్ద మొక్కలు చాలా ఏళ్ళు బతుకుతాయి కనుక కొండ పచ్చగానే కనిపిస్తుంది. వాటి కింద పిల్లమొక్కలున్నాయా అని వెదికితేనే సంగతి తెలుస్తుంది. నేను వెదికిన చోట రెండే దొరికాయి.

ఇంతకీ బెడ్డోమ్ ఎవరు? 19వ శతాబ్దంలో మద్రాసు అటవీశాఖలో పనిచేసిన అధికారి. తూర్పు కనుమల బంగారు బల్లిని 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేసిందీ ఆయనే. సంతానోత్పత్తి కాలంలో మగబల్లి పసిడి రంగుకు తిరుగుతుంది. నీటి దగ్గరి బండల చీలికలే దాని ఇల్లు.

చివరికి కోన చేరాం. రెండు నిట్టనిలువు రాతిగోడల నడుమ వాగు పారుతోంది. టార్చిలైటు వేసి చీలికలన్నీ గాలించాం. బల్లి కనబడలేదు. ఒక చీలికలో మాత్రం, చేయి అందనంత ఎత్తున, రాతికి అతుక్కుని తెల్లని గుడ్లు గుంపుగా కనిపించాయి.